రాయి మీద సరిగా పడుకునే కత్తినే కొనండి

ప్రశ్న: నా వయసు ఇరవై ఏడు. కాకినాడలో ఉంటాను. మూడు నాలుగు బ్లేడ్లున్న కార్ట్రిడ్జి రేజరుతో గడ్డం గీసుకున్నప్పుడల్లా మెడ మీద ఎర్రటి పొక్కులు లేస్తున్నాయి. పాతకాలపు మడత కత్తితో గీసుకోవడం నేర్చుకోవాలని ఉంది. నా దృష్టిలో మూడు ఉన్నాయి. ఒకటి ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతున్న చారల ‘డమాస్కస్’ కత్తి. రెండవది హైదరాబాదు జుమ్మెరాత్ బజారులో కనిపించిన పాత జర్మనీ కత్తి. మూడవది సెలూన్లలో వాడే, సగం బ్లేడు మార్చుకునే ఉస్త్రా. వీటిలో దేనితో మొదలుపెట్టమంటారు? మా ఇంట్లో కడప బండ ఉంది, వీధిలోకి సాన పట్టే అతను వస్తుంటాడు. వాటితో పదును పెట్టుకోవచ్చా, లేక ఐదారు రాళ్ల సెట్టు కొనక తప్పదా?

జవాబు: మీరు ఎంపిక గురించి ఒక ప్రశ్న, పదును గురించి మరొక ప్రశ్న అడిగారు గాని, నిజానికి ఈ రెండూ ఒకటే. వంటింటి కత్తిని నూరేటప్పుడు దాన్ని ఎంత వాలుగా పట్టుకోవాలో మన చెయ్యి నిర్ణయిస్తుంది. క్షౌరపు కత్తి విషయంలో ఆ పని కత్తి వెన్నే చేస్తుంది. వెన్నూ వాదరా (తెగే అంచు) రెండూ ఒకేసారి రాయిని తాకేలా కత్తిని పడుకోబెట్టి నూరుతాం కాబట్టి, వెన్ను మందం ఎంత, వెన్ను నుంచి వాదర దాకా వెడల్పు ఎంత అన్న రెండు కొలతలే పదును కోణాన్ని తేల్చేస్తాయి. ఉదాహరణకు 19 మిల్లీమీటర్ల వెడల్పు, 5.5 మిల్లీమీటర్ల వెన్ను మందం ఉన్న కత్తికి వాదర దగ్గర ఏర్పడే మొత్తం కోణం సుమారు 16.5 డిగ్రీలు ఉంటుంది. గడ్డం గీయడానికి ఆ పరిసరాల్లో ఉన్న కోణమే కావాలి. ఈ కొలతలు కత్తి తయారైన నాడే స్థిరపడతాయి, ఇంట్లో కూర్చుని మనం పెద్దగా మార్చగలిగింది ఏమీ ఉండదు. అందువల్ల కొనేటప్పుడు చూడవలసింది మెరుపూ పిడి మీది నగిషీ కాదు, కత్తి ఈ చివర నుంచి ఆ చివర దాకా రాయి మీద సందు లేకుండా పడుకుంటుందా లేదా అన్నది.

ఆ దృష్టితో చూస్తే మీ జాబితాలోని చారల కత్తిని వెంటనే పక్కన పెట్టవలసి వస్తుంది. ఇప్పుడు ఆ పేరుతో అమ్ముడవుతున్నవి రెండు రకాల ఉక్కును పొరలు పొరలుగా కాల్చి అతికి, ఆమ్లంలో ముంచి చారలు తేల్చినవి. నిపుణుడైన కమ్మరి చేతిలో ఈ పద్ధతితో గొప్ప కత్తులే తయారవుతాయి, వాటి ధర కూడా అలాగే ఉంటుంది. చవక రకాల్లో మాత్రం వెన్ను ఒకచోట మందంగా, ఇంకోచోట పలచగా ఉండటం, వాదర దగ్గర లోహం మొద్దుగా మిగిలిపోవడం, ఉక్కును కాచి చల్లార్చే పని సరిగా జరగకపోవడం మామూలు. అలాంటి కత్తిని ఎంత సేపు నూరినా ఒకచోట పదునెక్కి పక్కనే మొద్దుగా ఉంటుంది, ఆ లోపం నేర్చుకునేవారికి తన చేతిదో కత్తిదో తెలియదు. చారల ఉక్కు మీద మీకున్న మోజును నేను తప్పు పట్టను. పూర్వం డమాస్కస్ ఖడ్గాలకు కీర్తి తెచ్చింది మూసలో కరిగించి తీసిన మన దేశపు ఉక్కే, అటువంటి ఉక్కుకు నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం పేరుపడిన ఊరు. 18వ శతాబ్ది చివర భారతీయ ఉక్కు లండన్ చేరినప్పుడు జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు దాన్ని పరీక్షించి, యూరపు ఉక్కు కంటే ఇదే మేలని తన వ్యాపార పత్రం మీద అచ్చు వేయించి, దానితో క్షౌరపు కత్తులు చేసి అమ్మాడు. 1820లో మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు ప్రచురించినదీ ఆయనే. అయితే ఆ ఉక్కుకూ, ఇప్పుడు బజారులో ఆ పేరు తగిలించుకున్న అతుకుల రేకుకూ సంబంధం లేదు.

సెలూన్లలో వాడే ఉస్త్రా చెడ్డ పరికరం కాదు. రక్తం ద్వారా సోకే జబ్బుల భయం పెరిగాక మన క్షౌరశాలలు మనిషికో బ్లేడు మార్చే ఈ రకానికి మారడం ఎంతో మంచిదైంది. అయితే దానితో నేర్చుకున్నది అసలైన కత్తికి పూర్తిగా పనికిరాదు. దానికి బరువు లేదు, బ్లేడు అంచు విపరీతమైన పదును, చర్మం మీద కోణం కాస్త తప్పినా క్షమించదు. పదును పెట్టే విద్య అందులో అసలే లేదు. ఒకటి రెండు నెలల్లో మీకు ఈ పద్ధతే నచ్చుతుందో లేదో తేల్చుకోవాలంటే అది సరిపోతుంది. నూరడం, తోలుకు దువ్వడం కూడా మీ అభిరుచిలో భాగమని ఉత్తరంలోని ధోరణి చెబుతోంది కాబట్టి, నేరుగా అసలైన కత్తితోనే మొదలుపెట్టండి.

ఇక జుమ్మెరాత్ బజారు కత్తి. నా మొగ్గు దీని వైపే, కాని పరీక్షించి కొనాలి. సోలింగెన్ జర్మనీలో కత్తులకు పేరుపడ్డ పట్టణం. ఆ పేరును అక్కడ తయారైన కత్తి సామాను మీదే వేయాలని 1938లోనే ఆ దేశం చట్టం చేసింది. ఇంగ్లండులోని షెఫీల్డు, ఫ్రాన్సులోని థియేర్, స్వీడన్‌లోని ఎస్కిల్‌స్టూనా ఊళ్ల పేర్లున్న పాత కత్తులు కూడా నమ్మదగినవే. అయినా ఇక్కడి బజారులో పేరు చెక్కడం ఎవరికైనా వీలే, పైగా అసలైన సోలింగెన్ కత్తి కూడా యాభై ఏళ్లలో మొరటు చేతుల్లో పాడై ఉండవచ్చు. కాబట్టి పేరు చదివి ఆగిపోకుండా, ఒక చిన్న అద్దం ముక్కా, కంసాలులు కంటికి పెట్టుకునే పదింతల భూతద్దమూ జేబులో వేసుకుని వెళ్లండి.

కత్తిని తెరిచి అద్దం మీద పడుకోబెట్టి, వాదర వైపు నుంచి వెలుగుకు ఎదురుగా చూడండి. వాదర కింద నుంచి వెలుగు ఎక్కడా దూరకూడదు. తర్వాత కత్తిని తిప్పి రెండో పక్క కూడా చూడండి. ఒక పక్క సందు లేకుండా ఉండి రెండో పక్క సందు కనిపిస్తే కత్తి మెలిక తిరిగి ఉందని అర్థం, దాన్ని వదిలేయండి. వాదర గీత పొడవునా నిటారుగా ఉండవచ్చు, లేదా కొద్దిగా బయటికి ఉబ్బినట్టు ఉండవచ్చు, రెండూ పనికొస్తాయి. మధ్యలో లోపలికి గుంట పడితే మాత్రం ఆ గుంట బల్లపరుపు రాయిని ఎన్నటికీ తాకదు. దాన్ని సరిచేయాలంటే వాదరను చాలా మేర అరగదీయాలి, అది మొదటి కత్తి మీద చేసే పని కాదు.

ఆపైన వెన్ను చూడండి. నూరినప్పుడల్లా వెన్ను కూడా కొద్దిగా అరుగుతుంది కాబట్టి, పాత కత్తి వెన్ను మీద ఇరుపక్కలా సన్నని చదును గీత ఉండటం సహజం. ఆ గీత రెండు పక్కలా ఒకే వెడల్పుతో, మొదలు నుంచి చివర దాకా సమానంగా ఉంటే గతంలో దాన్ని ఎవరో శ్రద్ధగా నూరుకున్నారన్నమాట. నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పున చదునైపోయి, ఒక చివర లావుగా మరో చివర సన్నగా ఉంటే ఆ కత్తి కోణం చెడిపోయిందని తెలుసుకోండి. చివరగా వాదరను భూతద్దంలో చూడండి. వెన్ను మీదా, కత్తి మధ్యలోనూ ఉన్న ఎర్ర తుప్పు పెద్ద దోషం కాదు, సన్నని నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) తుడిస్తే పోతుంది. వాదరకు మిల్లీమీటరు లోపల నల్లటి చుక్కలుంటే మాత్రం తుప్పు లోతుగా దిగిందన్న గుర్తు. నూరుతూ వెళ్లినకొద్దీ ఆ గుంటలు వాదర దగ్గరికి వచ్చి, అక్కడక్కడ సన్నని నొక్కులై తేలతాయి. లోపలికి బాగా తొలిచిన పలచని కత్తుల్లో వెంట్రుకంత పగుళ్లు కూడా ఉంటాయి. పగులు ఉన్న కత్తిని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

పిడి గురించి రెండు మాటలు. పాత సెల్యులాయిడ్ పిడి కుళ్లడం మొదలైతే దాని నుంచి వచ్చే ఆవిరి పక్కనే ఉన్న ఉక్కును తినేస్తుంది. పిడి పొడుగునా మడిచి పెట్టిన భాగంలోనే తుప్పు దట్టంగా ఉండి, కర్పూరపు వాసనో ఘాటైన పులిసిన వాసనో వస్తే కారణం అదే. ఏనుగు దంతపు పిడి అని చెప్పి అమ్మజూపితే మర్యాదగా తిరిగి రండి, ఆ వ్యాపారం మన దేశంలో నేరం. కొమ్ము, కలప, ఎబొనైటు (గట్టి రబ్బరు) పిడులు మంచివి. కత్తిని మూసినప్పుడు వాదర పిడి పలకల నడుమ తగలకుండా దిగాలి.

పాత కత్తి దొరకకపోతే కొత్తది కొనవచ్చు. సోలింగెన్‌లో 1906 నుంచి ఉన్న డోవో, థియేర్‌లోని థియేర్-ఇసార్ నమ్మదగిన పేర్లు. దిగుమతి సుంకాలతో కలిపి పది వేల రూపాయలకు పైమాటే అవుతుంది. కొత్తదైనా పాతదైనా కొలతలు ఇవి: వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు, మీకు ఐదు లేక ఆరు వంతుల కత్తి, అంటే 16 నుంచి 19 మిల్లీమీటర్ల వెడల్పున్నది సరిపోతుంది. అంతకన్నా సన్నగా ఉంటే కత్తి మీద నురుగు పట్టే చోటు చాలదు, వెడల్పు ఎక్కువైతే ముక్కు కింద తిప్పడం కష్టం. కత్తి ఇరుపక్కలా లోపలికి తొలిచి ఉండాలి. పూర్తిగా తొలిచినదైతే పలచబడి నురుగులో గీస్తున్నప్పుడు వెంట్రుక తెగే చప్పుడు వినిపిస్తుంది, ఆ చప్పుడు కోణం సరిగా ఉందో లేదో చెబుతుంది గనుక నేర్చుకునేవారికి మంచి తోడు. చెక్క చీలిక ఆకారంలో తొలచని మందపు కత్తులు అందంగా ఉంటాయి గాని, నూరేటప్పుడు అరగవలసిన లోహం ఎక్కువ. కొన గుండ్రంగా ఉన్నదే తీసుకోండి, చతురస్రపు కొన చెవి దగ్గర చెప్పకుండా గీరుతుంది. ఉక్కు స్టెయిన్‌లెస్ కాకుండా కార్బన్ ఉక్కు అయితే రాయి మీద తొందరగా తెగుతుంది. తుప్పు పడుతుందన్నది నిజమే గాని, ఆ సంగతి చివర చెబుతాను.

కొన్నాక మొట్టమొదటి పదును మీరు పెట్టవద్దు. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు, కాని ఇది నా గట్టి అభిప్రాయం. కర్మాగారం నుంచి వచ్చిన కొత్త కత్తి కూడా చాలాసార్లు గీసుకోవడానికి సిద్ధంగా ఉండదు. క్షౌరపు కత్తులు నూరడమే పనిగా చేసే ఒకరి చేత దానికి పూర్తి పదును పట్టించి తెచ్చుకోండి. మంచి పదును బుగ్గ మీద ఎలా ఉంటుందో మీ చర్మానికి ఒకసారి తెలిస్తే, రేపు మీరు నూరినప్పుడు ఎక్కడికి చేరాలో తెలుస్తుంది. ఆ ఎరుక లేకుండా కొత్త కత్తి, కొత్త రాయి, కొత్త చెయ్యి మూడూ ఒకేసారి కలిస్తే తప్పు ఎక్కడుందో ఎవరూ కనిపెట్టలేరు.

అందాకా మీరు నేర్చుకోవలసింది తోలు పట్టీ మీద కత్తిని దువ్వడం. రెండున్నర, మూడు అంగుళాల వెడల్పున, ఒక వైపు తోలు, ఇంకో వైపు నార బట్ట ఉన్న పట్టీని కిటికీ ఊచకో తలుపు గడియకో తగిలించి, రెండో చివర చేత్తో బిగువుగా లాగి పట్టుకోవాలి. రాయి మీద వాదర ముందు నడుస్తుంది, తోలు మీద వెన్ను ముందు నడవాలి. ఈ తేడా మరచిపోతే తోలు తెగుతుంది. చివరికి వచ్చాక కత్తిని పైకి ఎత్తకుండా, వెన్ను తోలు మీదే ఉంచి వెన్ను మీదుగా దొర్లించి వెనక్కి తేవాలి. పట్టీ వదులైతే తోలు వాదర చుట్టూ వంగి పదునును గుండ్రంగా చేసేస్తుంది కాబట్టి బిగువే ముఖ్యం, వేగం కాదు. గీసుకునే ముందు బట్ట మీద ఇరవై సార్లు, తోలు మీద నలభై యాభై సార్లు దువ్వితే చాలు.

ఇంత శ్రమ ఎందుకని అనుకోవచ్చు. ఉక్కు కంటే వెంట్రుక యాభై రెట్లు మెత్తన, అయినా రోజూ గీస్తే కత్తి మొద్దుబారుతుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2020లో ‘సైన్స్’ పత్రికలో దీనికి కారణం చూపించారు. వెంట్రుక వంగి వాదరకు ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కులో గట్టిదనం సమానంగా లేని చోట సూక్ష్మమైన పెచ్చు ఎగిరిపోతుందని వాళ్లు సూక్ష్మదర్శినిలో చూశారు. నాకు ఇందులో తేలే ఆచరణ రెండు రకాలు. గడ్డం బాగా నానితే వెంట్రుక సులభంగా తెగుతుంది కాబట్టి వేడినీళ్లు, నురుగు మీద తొందరపడకూడదు. వాదర మీద ఎక్కడా గరుకు మిగలకుండా నునుపుగా ఉంచితే పెచ్చు లేవడానికి అవకాశం తగ్గుతుంది కాబట్టి తోలు దువ్వడం మానకూడదు.

ఇప్పుడు రాళ్ల సంగతి. వీధిలో వచ్చే సాన చక్రానికి ఈ కత్తిని పొరపాటున కూడా ఇవ్వకండి. ఆ పనివారి నైపుణ్యానికి కొదవలేదు, వారి చక్రం బొండాల కత్తికీ కత్తిపీటకూ చేసింది. నీళ్లు లేకుండా తిరిగే చక్రం మీద కాగితమంత పలచని వాదర క్షణంలో వేడెక్కుతుంది. రెండు వందల డిగ్రీల సెల్సియస్ దాటిన కొద్దీ గట్టిపరచిన ఉక్కు మెత్తబడటం మొదలై, మూడు వందల దగ్గర నీలి రంగు తేలుతుంది. నీలి రంగు తేలిన వాదరకు ఎంత నూరినా పదును నిలవదు. కడప బండ కూడా వద్దు. అది సున్నపురాయి జాతికి చెందినది, అందులోని ఖనిజం గట్టిపరచిన ఉక్కు కంటే చాలా మెత్తన. మీ కత్తి దాన్ని అరగదీస్తుంది గాని అది మీ కత్తిని అరగదీయలేదు, పైగా మధ్యలో ఎక్కడైనా గట్టి ఇసుక రేణువు ఉంటే వాదరకు నొక్కు పడుతుంది. బెల్జియంలో ఆర్డెన్ కొండల్లో దొరికే కోటిక్యూల్ అనే పసుపురంగు రాయి శతాబ్దాలుగా క్షౌరపు కత్తులకు వాడుకలో ఉన్నదంటే, అందులో ఉక్కును కోయగలిగే సన్నని గార్నెట్ రేణువులు ఉండటమే కారణం.

ఐదారు రాళ్లు అక్కరలేదు. జపాన్ పద్ధతి కృత్రిమ నీటి రాళ్లు మూడు చాలు: 1000 గ్రిట్, 4000 లేక 5000 గ్రిట్, 8000 గ్రిట్. గ్రిట్ అంటే రాతి రేణువుల సన్నదనాన్ని చెప్పే అంకె, అది పెరిగినకొద్దీ రేణువు సన్నబడుతుంది. 1000 రాతిలోని రేణువులు పది పదిహేను మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను) మధ్య ఉంటాయి, 8000 రాతిలో ఒకటి రెండు మైక్రాన్లకు దిగుతాయి. 12000 రాయి ఉంటే మరింత నునుపు వస్తుంది గాని, అది రెండో ఏడాది మాట. మొదట 8000 ఒక్కటే కొని, రెండు మూడు నెలలకు పదును మందగించినప్పుడు దాని మీద ఇరవై ముప్పై సార్లు తేలికగా లాగి, తోలుకు దువ్వి చూడండి. మీ వృత్తిదారుడు పట్టిన బెవెల్ చెక్కుచెదరకుండా ఉంటుంది కనుక ఆ కాస్త పని చాలావరకు సరిపోతుంది. బెవెల్ అంటే వాదరకు ఇరుపక్కలా రాయి తాకిన చోట ఏర్పడే సన్నని మెరుపు పట్టీ.

రాయి కొత్తదైనా సరే, దాన్ని ముందుగా చదును చేయాలి. దళసరి గాజు పలక మీద 400 గ్రిట్ నీటి కాగితం పరిచి, రాయి ముఖం మీద పెన్సిలుతో గళ్లు గీసి, నీళ్లు చల్లుతూ గీతలన్నీ ఒకేసారి చెరిగేదాకా రుద్దండి. మధ్యలో గీతలు మిగిలితే అక్కడ గుంట ఉందన్నమాట. వంటింటి కత్తికి ఈ గుంట పెద్దగా అడ్డు రాదు గాని, మన కత్తి వెన్నూ వాదరా ఒకే తలం మీద పడుకోవాలి కాబట్టి, రాతిలోని లోపం అచ్చంగా వాదరలోకి దిగుతుంది.

అసలు పని 1000 రాయి మీదే జరుగుతుంది, మిగిలిన రాళ్లన్నీ దాని గీతలను తుడిచేవే. వాదర ఇరుపక్కలా శాశ్వత మార్కరుతో నల్లగా పూసి, కత్తిని రాతి మీద పడుకోబెట్టి, వాదర ముందుండేలా రెండే రెండు సార్లు తోయండి. నలుపు వాదర అంచు దాకా చెరిగితే కోణం కుదిరినట్టు. అంచున సన్నగా నలుపు మిగిలితే పాత పనివాడు వాదరను గుండ్రంగా చేశాడని అర్థం. కత్తి పొడవు రాతి వెడల్పుకు సుమారు సమానంగా ఉంటుంది గాని, నిటారుగా తోస్తే ఒక చివర ఎప్పుడూ సరిగా తాకదు. అందుకని పిడి దగ్గరి భాగం రాతి మీద ఉండగా మొదలుపెట్టి, ముందుకు తోస్తూనే పక్కకు జరుపుతూ, చివరికి కొన భాగం రాతి మీద ఉండేలా ముగించండి. పిడి దగ్గర కత్తి మందమయ్యే భుజం రాతి మీద ఎక్కకూడదు, ఎక్కితే వాదర గాలిలో ఉండిపోతుంది. వేళ్ల బరువు మొదట్లో కొద్దిగా, అదీ వెన్ను మీద వేయండి, వాదర మీద కాదు. వాదర ముందు నీటి పొర ఎలా కదులుతోందో గమనించండి. నీరు కత్తి ముఖం మీదికి పొడవునా సమంగా ఎక్కుతుంటే వాదర రాతిని ఆనుకుని పోతోందని తెలుస్తుంది, ఒకచోట మాత్రం నీరు కిందినుంచి జారిపోతుంటే అక్కడ ఇంకా తాకడం లేదు.

బెవెల్ పూర్తయిందని ఎలా తెలుసుకోవాలి అన్నదే అందరినీ తికమక పెట్టే ప్రశ్న. వాదరను దీపానికి ఎదురుగా, సూటిగా మీ కంటి వైపు తిప్పి పట్టుకుని భూతద్దంలో చూడండి. మొద్దుగా ఉన్న చోటు తెల్లని గీతలా మెరుస్తుంది, పదునైన చోట మెరవడానికి వెడల్పే ఉండదు కాబట్టి అక్కడ ఏమీ కనిపించదు. పొడవునా ఎక్కడా మెరుపు లేకపోతే, ముంజేతి వెంట్రుకలను చర్మానికి ఆనించి గీసి చూడండి. కత్తి పొడవునా, మొదట్లో మధ్యలో కొన దగ్గర కూడా అవి సులువుగా తెగితేనే తర్వాతి రాయికి వెళ్లండి. 1000 మీద పూర్తి కాని పని 8000 మీద ఎన్ని గంటలు కూర్చున్నా పూర్తి కాదు, నూరడం రాలేదని బాధపడేవారిలో ఎక్కువమంది ఇక్కడే తొందరపడి ఉంటారు. బొటనవేలితో వాదర పొడవునా రుద్ది పదును చూసే అలవాటు వంటింటి కత్తులతోనే ఆగిపోవాలి.

తర్వాతి రాళ్ల మీద పని తేలిక. 4000 మీద ముందటి గీతలు పోయేదాకా, ఆపైన 8000 మీద కత్తి తన బరువుతో తానే జారేలా, చెయ్యి కేవలం దారి చూపిస్తూ లాగాలి. రాతి మీద చేరే నల్లటి మసి లోహం తెగుతోందన్న గుర్తు, చివరి రాయి మీద దాన్ని తరచు కడుగుతుండండి. వెన్ను అరగకుండా ఎలక్ట్రికల్ టేపు ఒక పొర చుట్టే పద్ధతి ఉంది, నగిషీ ఉన్న వెన్నుకు అది మంచిదే. కాని ఆ పొర కోణాన్ని దాదాపు ఒక డిగ్రీ పెంచుతుంది, కాబట్టి ఒకసారి టేపుతో నూరిన కత్తిని తర్వాత కూడా టేపుతోనే నూరాలి. లేకపోతే రాయి వాదరను తాకక వెనక భాగాన్నే అరగదీస్తుంది. వాదరకు మెరుగు పెట్టే ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడు పూతను వాడదలిస్తే దానికి వేరే బట్టో, బల్సా అనే మెత్తని తేలిక చెక్కో పెట్టుకోండి, రోజూ వాడే తోలుకు పూయవద్దు.

గీసుకోవడంలో మొదటి కొన్ని వారాలు బుగ్గల వరకే పరిమితం కండి, గడ్డమూ మెడా మీ పాత రేజరుకే వదలండి. చర్మాన్ని రెండో చేత్తో బిగించి, కత్తిని చర్మానికి ముప్పై డిగ్రీల దగ్గర ఉంచి, వెంట్రుకల వాలులోనే గీయండి, ఎదురు గీత ఇప్పుడే వద్దు. మీ మెడ మీది పొక్కులకు ఎక్కువ బ్లేడ్లు వెంట్రుకను చర్మం లోపలికి తెంపడం ఒక కారణం కావచ్చు. ఒకే వాదరతో, వాలులో, నొక్కకుండా గీస్తే అవి తగ్గే అవకాశం ఉంది, తగ్గకపోతే చర్మవైద్యులకు చూపించండి. ఎక్కడైనా గీరుకుంటే తడి పటిక ముక్క చాలు. బజారులో కొన్న పాత కత్తిని మాత్రం నూరించే ముందే సబ్బుతో కడిగి, సర్జికల్ స్పిరిట్‌తో పిడి సందుల దాకా శుభ్రం చేయండి.

కాకినాడ గాలికి కార్బన్ ఉక్కు ఒక్క రాత్రిలో చుక్క తుప్పు పడుతుంది కాబట్టి, కత్తిని స్నానాల గదిలో ఉంచకండి. గీసుకోగానే మెత్తని కాగితంతో వెన్ను వైపు నుంచి వాదర వైపు తుడిచి, పిడి పలకల మధ్య కూడా తడి లేకుండా చేసి, పట్టీ బట్ట మీద నాలుగైదు సార్లు లాగి, తెరిచి ఒక గంట గాలికి ఆరనివ్వండి. రెండు మూడు రోజులు వాడకుండా ఉంచేటప్పుడు కుట్టుమిషన్ నూనె ఒక్క బొట్టు వేసి పలచగా రాయండి. ఆముదం జిగురు కడుతుంది, కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది. మందు సీసాల్లో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు పారేయకుండా కత్తి పెట్టెలో వేసి, పిల్లలకు అందని బీరువాలో పెట్టండి.